కాదన్నాక రావలసిన మాట

1936లో నేను ఏలూరులోని ఒక నాటక సమాజంలో ప్రాంప్టర్‌ని. పక్క తెర చాటున పుస్తకం పట్టుకుని, నటులు మాట మరిచిపోతే మెల్లగా అందించడం ప్రాంప్టర్ పని.

అప్పుడు ఆడుతున్నది పాత హాస్య నాటకం. ఒక గుమాస్తా ఎదురింటి అమ్మాయిని పెళ్ళాడమని అడుగుతాడు. ఆమె కాదంటుంది. "అయితే కాఫీ అయినా ఇప్పిస్తారా?" అంటాడతను. ఆ మాటకు జనం విరగబడి నవ్వేవారు. గుమాస్తా వేషం సుబ్బారావుది, అమ్మాయి వేషం సరోజినిది.

తాడేపల్లిగూడెంలో ఆడవలసిన రోజు ఉదయం రైల్లో సుబ్బారావు నా పక్కన కూర్చున్నాడు.

"పంతులుగారూ, నిన్న సరోజినిగారిని నిజంగానే అడిగేశానండి."

"ఏమన్నారు?"

"కైకలూరు మేష్టారితో సంబంధం ఖాయమైందటండి. మీరంటే గౌరవమే గానీ ఆ ఉద్దేశం లేదండీ అన్నారు. మన నాటకంలో మాటే!" అని నవ్వబోయి, కిటికీ వైపు తిరిగిపోయాడు.

సాయంత్రం ఆ రంగం వచ్చింది. సరోజిని కాదంది. సుబ్బారావు మాట్లాడలేదు. నేను అందించాను. మళ్ళీ అందించాను. మాట మరిచిన నటుడి కళ్ళు ముందు నా వైపే తిరుగుతాయి. అతను ఆమెనే చూస్తున్నాడు. జనంలో ఎవరో ఈల వేశారు. అవతలి పక్కనుంచి మేనేజరు "గట్టిగా చెప్పవయ్యా" అని చేతులూపుతున్నాడు. నేను పుస్తకం దించేశాను.

సరోజిని కుర్చీ ముందుకు జరిపింది. "కూర్చోండి. తొందరేం లేదండి," అంది. పుస్తకంలో లేని మాట అది.

అతను కూర్చున్నాడు. కండువాతో మొహం తుడుచుకుని, చాలాసేపటికి, "అయితే కాఫీ అయినా ఇప్పిస్తారా?" అన్నాడు. వెంటనే ఎవరూ నవ్వలేదు. తరువాత నవ్వారు, మెత్తగా, తమ ఇంటివాణ్ణి చూసి నవ్వినట్టు.

"రోజూ ఇలాగే చెయ్యండి, అదిరిపోయింది," అన్నాడు మేనేజరు, నాటకం అయ్యాక.

"లేదండి. రేపట్నుంచి పుస్తకంలో ఉన్నట్టే," అన్నాడు సుబ్బారావు. అలాగే చేశాడు కూడా.

ఆమె పెళ్ళికి మేమందరం కొల్లేటి మీద పడవలో వెళ్ళాం. సుబ్బారావు బంతిలో వడ్డించాడు. పెళ్ళికొడుక్కి రెండోసారి పప్పు వెయ్యబోతే, ఆయన వద్దంటున్నా వినలేదు.

ఆ తరువాత పదకొండేళ్ళు ప్రాంప్టింగ్ చేశాను. మాట తెలియడమే నా పనితనమని అంతకు ముందు అనుకునేవాణ్ణి. తాడేపల్లిగూడెంలో ఆ సాయంత్రం తరువాత, రంగస్థలం మీద ఎవరు ఆగినా, నోరు తెరిచే ముందు ఒక్క క్షణం వాళ్ళ మొహం చూసేవాణ్ణి.