ప్రేమలత పెట్టిన రంగు ఆరదు

ప్రేమలతకు మనుషుల ముఖాలు గుర్తుండవు, గోళ్లు గుర్తుంటాయి. శంషాబాద్ కూరగాయల మార్కెట్లో ఎవరైనా పలకరిస్తే ముందు వాళ్ల చేతులు చూస్తుంది. "నువ్వా, చిటికెనవేలి గోరు కొరుక్కునేదానివి గదా, మంచిగున్నవా" అని, ఆ తర్వాతే తలెత్తి నవ్వుతుంది. యాభై దాటిన ఆ మనిషికి లోకంలో ఒక్కటే యావ. ఉచితంగా ఇచ్చే శాంపిల్ ఎక్కడున్నా సంపాదించాలి, సంపాదించినదాన్ని ఎదుటివాళ్ల మీద వేసి చూడాలి. క్రీమైతే మోచేతికి, సెంటైతే మణికట్టుకి. గోళ్లరంగైతే మాత్రం మనిషిని ముందుగదిలో ఫ్యాన్ కింద చాప మీద కూర్చోబెట్టి, పది గోళ్ల మీదా పది రకాల పూలు దిగేదాకా వదలదు. తన గోళ్లకు మాత్రం ఏమీ పెట్టుకోదు. ఎందుకని అడిగితే, "డాక్టరు తన మందు తను మింగుతడా?" అంటుంది.

శ్రీలత ఆ ఇంటికి కోడలుగా వచ్చిన మూడో రోజునే ఆ చాప మీదికి చేరింది. షాద్‌నగర్ పిల్ల, డిగ్రీ చదివింది, ఏ విషయమైనా అంతు తేలేదాకా నిద్రపట్టని రకం. అత్త భారతమ్మ, భర్త రాఘవేందర్ ఒక వాటాలో ఉంటారు. భారతమ్మకు తోటికోడలైన ప్రేమలత, ఆమె భర్త గోవర్ధన్ పక్క వాటాలో ఉంటారు. వంటిల్లు మాత్రం అందరికీ ఒక్కటే. శ్రీలత పెరట్లో జుట్టు ఆరబెట్టుకుంటుంటే వెనకనుంచి ఎవరో చెయ్యి పట్టుకున్నారు.

"జర చెయ్యి ఇయ్యి బిడ్డా."

"ఎందుకు చిన్నత్తమ్మా?"

"ఎందుకేంది? కొత్త శాంపిల్ వచ్చింది. నీ గోర్లు సాపుగున్నయ్. పెండ్లిల అక్షింతలు ఏస్తున్నప్పుడే చూసి పెట్టుకున్న."

శాంపిళ్లు వచ్చే దారి మేడ మీదే ఉంది. అక్కడి గదిలో కిరాయికుంటున్న కళ్యాణి ఎయిర్‌పోర్టులో అలంకరణ సామాను దుకాణంలో పనిచేస్తుంది. రాజమండ్రి అమ్మాయి. దుకాణంలో వాళ్లకు పంచిన చిన్న చిన్న సీసాలన్నీ తెచ్చి ప్రేమలత చేతిలో పోస్తుంది. గది చూడ్డానికి వచ్చిన మొదటి రోజున ప్రేమలత ఆమెను ఊరూ పేరూ అడగలేదు, ఎక్కడ పనిచేస్తున్నావని మాత్రం అడిగింది. జవాబు విని వెంటనే తాళంచెవి ఇచ్చేసింది.

ఈ యావకు మొదటి బలి గోవర్ధన్. ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపే మనిషి, చేతికి రంగులుంటే ప్రయాణికులు ఏమనుకుంటారని మొత్తుకుంటే ప్రేమలత సరేనని కాలి వేళ్లకు దిగింది. బూట్లుంటాయి కదా, ఎవరు చూస్తారు? బుద్వేల్‌లో చుట్టాల ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లినప్పుడు అందరూ చూశారు. పీటల పక్కన గోవర్ధన్ మఠం వేసుకుని కూర్చుంటే పది కాలిగోళ్ల మీదా పది చిలకలు. అయ్యగారు కథ మధ్యలో రెండుసార్లు తప్పారు. అప్పటినుంచి ఆయన స్నానానికి తప్ప మేజోళ్లు విప్పడు.

తర్వాత ఇంట్లో పాలిచ్చే బర్రె. గోవర్ధన్ ఒకసారి వారం రోజులు తిరుపతి కిరాయికి పోతే, ఇంట్లో ఖాళీగా ఉన్న గోళ్లు దొరక్క ప్రేమలత బర్రె కొమ్ములకు బంగారు రంగు, దాని మీద వెండి చుక్కలు పెట్టింది. ఆ బర్రె తాడు తెంపుకొని వెంచర్ ప్లాట్ల వైపు పారిపోయినప్పుడు వెతకాల్సిన పనే లేకుండా పోయింది. సాయంత్రానికల్లా దాని ఫోటో శంషాబాద్‌లో ఉన్న అందరి ఫోన్లలోకీ వచ్చేసింది.

సిలిండర్ తెచ్చే మొగులయ్యను కూడా వదల్లేదు. నడి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, భుజం మీద సిలిండర్‌తో వచ్చాడు.

"బొటనేలు చూపియ్యి మొగులన్నా."

"అమ్మా, ఇంకా పన్నెండు ఇండ్లు తిరగాలె."

"తిరుగుదువు తియ్యి. కూసో. ముట్టకు, ఆరనియ్యి."

మొగులయ్య ఫ్యాన్ కింద కూర్చుని, రంగు పెట్టిన వేలు పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో మజ్జిగ తాగాడు. "ఆరిందా అమ్మా?" అని అడిగినప్పుడల్లా, "ఏడ ఆరింది, ఇంకింత సల్ల తాగు" అంది ప్రేమలత. అరగంట గడిచాక లేచి వెళ్లాడు. ఊళ్లో అందరికీ బుక్ చేసిన వారానికి వచ్చే సిలిండర్ ఆ ఇంటికి మర్నాడే ఎందుకొస్తుందో గ్యాస్ ఏజెన్సీ వాళ్లకు ఇప్పటికీ తెలియదు.

ఇదంతా బాగానే ఉంది గానీ, శ్రీలతను ఒక అనుమానం పట్టుకుంది. ఈ రంగు ఎందుకు ఆరదు? షాద్‌నగర్‌లో తల్లిగారింట్లో తనూ వేసుకునేది, ఐదు నిమిషాల్లో ఆరిపోయేది. ఇక్కడ ప్రేమలత పెడితే రెండు గంటలు పడుతుంది. సీసా మీద ఏం రాసుందో చూద్దామంటే ఏ సీసాకూ లేబుల్ లేదు. అన్నిటినీ గోకి గోకి నున్నగా చేసిపెట్టింది.

"చిన్నత్తమ్మా, ఈ కాయిదాలు ఎందుకు పీకినవ్?"

"కొనేటోళ్లకు కాయిదం. శాంపిల్‌కు కాయిదమెందుకు?"

నిజానికి శ్రీలతకు గోళ్లరంగు గురించి ఆలోచించే తీరిక లేదు. ఆమె ముందు ఒక పరీక్ష ఉంది. విమానాల్లో సరుకు పంపే ఒక కంపెనీలో ఉద్యోగం రావాలంటే ఏ వస్తువు విమానమెక్కొచ్చు, ఏది ఎక్కకూడదు అనే దాని మీద పరీక్ష పాసవ్వాలి. నూటికి ఎనభై రావాలి. పెళ్లికి ముందు రాస్తే డెబ్భై నాలుగు వచ్చాయి. ఇంకోసారి రాస్తానంటే భారతమ్మ వద్దనలేదు గానీ, ఒక మాట తెగేసి చెప్పింది.

"ఈ ఒక్కపారి రాయి. ఈపారి గూడ రాకపోతే ఇగ ఆ పుస్తకం మూటగట్టాలె. మల్ల అడగొద్దు."

రాయమని ఎవరైనా అంటారు, చదువుకునే సమయం ఎవరిస్తారు? భారతమ్మ కంటికి పుస్తకం పట్టుకుని కూర్చున్న కోడలు ఖాళీగా కూర్చున్న కోడలే. శ్రీలత ఒక పేజీ తిప్పేలోగా బియ్యం ఏరమంటుంది, రెండో పేజీ తిప్పేలోగా బాసన్లు తోమమంటుంది. రాఘవేందర్ మంచివాడే. కానీ తల్లి మాట్లాడుతున్నప్పుడు ఫోన్లో చాలా ముఖ్యమైనదేదో చూసుకుంటాడు.

ఈ కష్టానికి తోడు ప్రేమలత. పరీక్ష తేదీ వచ్చిన మర్నాటి నుంచి సరిగ్గా నాలుగింటికి, పని మీదపడే వేళకి వచ్చి చెయ్యి పట్టుకునేది.

"చిన్నత్తమ్మా, నీకు దండం పెడ్త. నెల కూడ లేదు పరీక్షకు."

"పెట్టు, దండం పెట్టినంక చేతులు నాకియ్యి."

పది గోళ్లకూ రంగు పడేది. అంతలో వంటింట్లోంచి భారతమ్మ కేకేసేది. "శ్రీలతా, బాసన్లు పడ్డయ్."

"అక్కా, రంగు పచ్చిగున్నది," అని ప్రేమలతే జవాబిచ్చేది. "ముట్టుకుంటే పాడైతది. కొత్త కోడలి చేతులు, నలుగురు చూస్తరు."

భారతమ్మ ఏదో గొణుక్కుంటూ తనే తోముకునేది. శ్రీలత రెండు చేతులూ స్టూలు మీద వడియాలు ఎండబెట్టినట్టు పరుచుకుని, సిగ్గుతో చచ్చిపోతూ కూర్చునేది. రెండో రోజున ప్రేమలత ఆవులించి, "నాకు తోస్తలేదు. ఇది ఆరేదాక నీ బుక్కుల ఏమున్నదో చెప్పు" అంది. పుస్తకాన్ని ఉల్లిగడ్డల బుట్టకు ఆనించి తనే పేజీలు తిప్పింది. తిప్పిన ప్రతి పేజీ మీదా ఆమెకు వంద సందేహాలు.

"బ్యాటరీలు ఎందుకు ఎక్కనియ్యరు?"

"మంట లేస్తది చిన్నత్తమ్మా."

"మరి మీ చిన్నమామ ఫోన్ల ఉన్నది బ్యాటరీ కాదా? అది ఎట్ల పోతది?"

దానికి జవాబు శ్రీలతకే తెలియదు. వెతికి, చదివి, తెలుగులో విడమరచి చెప్పాల్సి వచ్చేది. సగం చెప్తే ప్రేమలత పేజీ తిప్పదు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి, లాయరులాగా అడ్డుప్రశ్నలు వేసేది. ఒకరోజు మండే ద్రవాల జాబితా వచ్చింది. శ్రీలత చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"చిన్నత్తమ్మా, గోర్ల రంగు గూడ ఇండ్ల ఉన్నది. మూడో తరగతి, మండేటిది. ప్రమాదకరమైన సరుకట."

ప్రేమలత చేతిలో సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది. ముఖం వెలిగిపోయింది. "అంటే మన ఇంట్ల ఉన్నదంత గిదేనా? మీ చిన్నమామకు చెప్పాలె. ఇన్నేండ్ల సంది నన్ను అల్కగ, లెక్కలేనట్టు చూస్తున్నడు."

ఇలా మూడు వారాలు గడిచాయి. పరీక్షకు ఇంకా రెండు రోజులున్నాయి. మే నెల, ఆదివారం, సాయంత్రం ఐదున్నర. కళ్యాణికి సెలవు. కొత్త శాంపిళ్లు పట్టుకుని మేడ దిగి వచ్చింది.

"ఏంటి శ్రీలతా, చేతులు అలా పెట్టుకుని కూర్చున్నావు?"

"రంగు ఆరాలె గదా. నాలుగింటికి పెట్టింది."

కళ్యాణి సీసా తీసి చూసింది. "ఇది మా షాపుదే కదండీ. అరవై సెకన్లలో ఆరిపోతుంది, దీని గొప్పే అది. సీసా మీద పెద్ద అక్షరాలతో రాసుంటుంది." సీసా వెనక్కి తిప్పింది. "అయ్యో, లేబుల్ ఏమైంది ఆంటీ?"

శ్రీలత తన గోరు మీద మెల్లగా వేలు పెట్టి చూసింది. రాయిలాగా ఆరి ఉంది. ఎప్పుడో ఆరింది. ఎదురుగా పుస్తకం, చివరి పాఠం దగ్గర తెరిచి ఉంది. ఒక్కసారిగా అంతా అర్థమైంది. చదువుకుంటున్న కోడలిని ఎవరైనా పనికి లేపొచ్చు, గోళ్లు పచ్చిగా ఉన్న కోడలిని లేపలేరు. ఈ మహాతల్లి రోజుకు రెండు గంటల చొప్పున దొంగిలించి తెచ్చి తన ఒళ్లో పోసింది. తనేమో దండం పెడతా వదలమని విసుక్కుంది.

ఆమె ఏదో అనబోయేలోగా గుమ్మంలో పాలబకెట్‌తో భారతమ్మ కనిపించింది. ఎప్పుడొచ్చిందో, మొత్తం విన్నది. ఎన్నడూ మాటకు వెతుక్కోని ప్రేమలత తలెత్తి ఫ్యాన్ రెక్కలు చూడడం మొదలుపెట్టింది. ఈ రెండు రోజులే కాదు, పరీక్షే పోయిందనుకుంది శ్రీలత.

"ఎన్ని సెకన్లన్నవమ్మా?" అంది భారతమ్మ.

"అరవై అండి."

భారతమ్మ వాకిట్లోకి చూసింది. పావుగంట కింద పిండి ఆరేసిన చీర అప్పుడే ఎండి అప్పడంలా నిలబడి ఉంది.

"మా ఇంట్ల తేమ జాస్తి బిడ్డా," అంది. "ఏదీ జల్ది ఆరది."

అని బకెట్ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి బాసన్ల చప్పుడు వినిపించింది.

శ్రీలత లేచి వంటింట్లోకి పరిగెత్తింది. బోళ్ల మీద చెయ్యి వేయబోతే భారతమ్మ అడ్డుపెట్టింది.

"ముట్టకు. ఆరలే."

"అత్తమ్మా, నీకు ఎర్కేనా?"

"ముప్పై ఏండ్ల సంది చూస్తున్న దాన్ని. రాఘవేందర్ నా కడుపుల ఉన్నప్పుడు అది కొత్తగ వచ్చింది. మా అత్త నన్ను కూసోనియ్యకపోయేది. ఇది రోజు తప్పితే రోజు గోరింటాకు నూరి నా రెండు చేతులకు పెట్టేది. మాపటి దాక పండలేదు, పండలేదు అనేది. తొమ్మిది నెలలు నా చేతులు ఎర్రగనే ఉన్నయ్." గిన్నె బోర్లించి, చేతులు కడుక్కుంది. "నాకు తెల్వనట్టే ఉండాలె. తెలిసిందంటే దాని ఇకమతు, దాని ఉపాయం నడ్వది. పో, పోయి సదువుకో. అత్తనన్నంక జర గట్టిగ ఉండాలె గదా, ఊకె సదువుకో సదువుకో అంటే ఏం బాగుంటది?"

శ్రీలత ముందుగదిలోకి వచ్చేసరికి ప్రేమలత చాప అంచు పీకుతూ కూర్చుంది.

"ఏమన్నది?"

"ఏమనలే. తేమ అన్నది."

ప్రేమలత పెద్దగా ఊపిరి వదిలింది. "బతికినం పో. అక్కకు సమజ్ కాలే. పాపం, అమాయకురాలు."

శ్రీలత నవ్వాపుకోలేక పుస్తకంలో ముఖం దాచుకుంది.

పరీక్షలో తొంభై ఒకటి వచ్చాయి. గోళ్లరంగు ఏ తరగతి సరుకని కూడా అడిగారట. ఆ సంగతి విన్నప్పటినుంచి ప్రేమలత, పరీక్ష పాసైంది తామిద్దరూ అని ఊరంతా చెప్పుకుంటోంది. ఉద్యోగం కూడా వచ్చింది. రేపటినుంచి డ్యూటీ. ఆ సాయంత్రం ప్రేమలత చాప పరిచి, గోళ్లరంగుకు మొదటిసారి భారతమ్మను పిలిచింది.

"అక్కా, రేపటిసంది కోడలు డ్యూటీకి పోతది. పనంత నీ మీద పడ్తది. చెయ్యి ఇయ్యి."

"నాకెందుకే ముసలిదానికి?"

"శాంపిల్‌కు వయసుంటదా?"

భారతమ్మకు గులాబీ రంగు, శ్రీలతకు నీలం. ముగ్గురి పెదవులకూ కళ్యాణి తెచ్చిన కొత్త పూత కూడా ప్రేమలతే పూసింది. అది ఆరేదాకా మాట్లాడకూడదట. నవ్వితే పగులుతుందట. ముగ్గురూ ఫ్యాన్ కింద వరుసగా కూర్చున్నారు.

ఏడవుతోంది. రాఘవేందర్, గోవర్ధన్ ఇల్లంతా తిరిగి రంగు పెట్టిన చేతులు చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వంటింట్లోకి వెళ్లారు. కాసేపు ఏవో డబ్బాల మూతలు ఊడిన చప్పుడైంది.

"అమ్మా, పోపు గింజలు ఏడున్నయ్?" రాఘవేందర్ గొంతు.

జవాబు లేదు.

"చిన్నమ్మా, రంగు చేతులకే గదా, నోటికి కాదు గదా. జర చెప్పు."

లోపల నూనె చిటపటలాడింది. గోవర్ధన్ "మంట తగ్గియ్యిరా, మంట తగ్గియ్యి" అంటున్నాడు. భారతమ్మ భుజాలు అదరడం మొదలైంది. శ్రీలత పెదవులు బిగబట్టి నేల వైపు చూసింది. ప్రేమలత మాత్రం నిటారుగా కూర్చుని, ఇద్దరి వైపూ వేలు చూపించి, నవ్వొద్దు, ఇంకా ఆరలేదని సైగ చేసింది.