కేశవులు ఫోటో మీద నిలవని దండ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇది జరిగాక కూడా పెద్దగా రాలేదు. జీవితమంతా స్కూల్లో డ్రిల్లు మాస్టరుగా పనిచేసినవాణ్ని. గ్రౌండు పక్కన చింతచెట్టు మీద ఏదో ఉందని పిల్లలు ఆటకు రానంటే, వాళ్లచేత ఆ చెట్టు కిందే గుంజీలు తీయించాను. అందుకని నన్ను పిరికివాళ్ల కింద జమకట్టకుండా చదవండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ధర్మవరంలో మేం కొందరం కమిటీగా ఏర్పడ్డాం. మా ప్రాంతానికి పేరు తెచ్చిన ఆటగాళ్ల కోసం ఒక గది కట్టించాం. క్రీడారత్నాల మందిరం అని బోర్డు రాయించాం గానీ, ఊళ్లో అందరూ ఫోటోల రూము అనేవారు. వానల్లేక, మగ్గాలు ఆడక జనం దిగాలుగా ఉన్న రోజులు. ఇప్పుడు ఫోటోలు ఎవరికి కావాలని మమ్మల్ని తిట్టినవాళ్లూ ఉన్నారు. అయినా కుందుర్పి దాకా బస్సుల్లో తిరిగి ఆ ఫోటోలన్నీ నేనే తెచ్చాను.

ప్రారంభోత్సవం రోజున బతికున్న ఆటగాళ్లకు వేదిక మీద శాలువా కప్పాలి. పోయినవాళ్ల ఫోటోకు గంధపు చెక్క దండ వేసి, అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టాలి. మన ఇళ్లల్లో ఉన్న పద్ధతే. ఫోటోకు దండ పడిందంటే మనిషి లేడని ఊరంతటికీ చెప్పినట్టే.

చిక్కల్లా కేశవులు దగ్గర వచ్చింది. కేశవులు పట్టుచీరలు నేసేవాడు, కబడ్డీ నాతోపాటు ఆడాడు. కూతకు వెళ్తే అతన్ని పట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు. నేతపని పడిపోయాక ఏదైనా పని చూసుకుంటానని బెంగుళూరు వెళ్లి మళ్లీ రాలేదు. కబురు లేదు, శవం దొరికిందన్న మాటా లేదు. కర్మ చేయించమని బంధువులు ఎంత పోరినా అతని భార్య నాగలక్ష్మి ఒప్పుకోలేదు. బొట్టూ తాళీ అలాగే ఉంచుకుంది.

అందుకే ఆ ఒక్క ఫోటోకు దండ వద్దన్నాను. మా ప్రెసిడెంటు కొట్టిపారేశాడు.

"ఏమప్పా, ఇన్నేండ్లు రానోడు యాడుంటాడు? బతికుంటే తెచ్చి స్టేజీ మింద కూసోబెట్టు, చూస్తాం. లేదంటే దండెయ్యి."

వేశాను. ప్రారంభోత్సవం రోజు పొద్దున అన్ని ఫోటోలకూ వేసినట్టే దానికీ వేసి, రెండు కొసలూ ఫ్రేము వెనక మేకుకు దారంతో ముడివేశాను. బొట్టు కూడా పెట్టాను. గదికి ఒక్కటే తలుపు. కిటికీలకు కడ్డీలున్నాయి, రెక్కలు లోపల గడియ పెట్టాను. తాళంచెవి నా జేబులోనే ఉంది.

భోజనం చేసి వచ్చి తలుపు తీస్తే కేశవులు ఫోటోకు దండ లేదు. కింద నేల మీద ఉంది. మిగతా దండలన్నీ వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఊడి పడిందనుకుని చేతిలోకి తీసుకున్నాను. దారం తెగలేదు, ముడి విడలేదు. మేకు నుంచి ఫ్రేమును దించకుండా ఆ దండ బయటికి రావడానికి వీల్లేదు. ఫోటో చూస్తే కదిలిన జాడే లేదు. అద్దం మీద బొట్టు లేదు, తుడిచిన మరక కూడా లేదు.

ఎలుకలు అన్నాడు ప్రెసిడెంటు. సరే, అతని ఎదుటే మళ్లీ దండ వేశాను, బొట్టు పెట్టాను. ఈసారి సన్నని ఇనుప తీగతో కట్టాను. తాళం వేసి ఇద్దరం వరండాలోనే కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. అటెండరు టీ తెచ్చాడు. తాగి తలుపు తీశాం. దండ మళ్లీ నేల మీద ఉంది. తీగ వేసిన మెలిక వేసినట్టే ఉంది, బొట్టు పోయింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, భయపడ్డాను.

ప్రెసిడెంటు తీగ మెలికను తిప్పి తిప్పి చూశాడు. తర్వాత, "దాన్నట్ల వదిలెయ్యప్పా," అని బయటికి వెళ్లిపోయాడు.

సాయంత్రం సభకు నాగలక్ష్మి వచ్చింది. అటెండరు నోట్లో నువ్వుగింజ నానదు, అప్పటికే ఆమె చెవిన వేశాడు. ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, మా ఆయప్ప ఫోటోకు దండ నిలబళ్లేదంట. నువ్వే తీసినావా?"

భర్త బతికే ఉన్నాడని దీంతో రుజువైనట్టు ఆమె సంతోషపడుతుందనుకున్నాను. జరిగింది జరిగినట్టు చెప్పబోయాను. అంతలో ఆమే అంది.

"నువ్వు తీసింటే సరేన్నా. ఎవురూ తీయకుండా వచ్చిందంటేనే నాకు బయం. బతికుండే మనిషి తాళమేసిన రూములోకి యాడ నుంచి వస్తాడు?"

ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఆమె తాళిని చేత్తో గట్టిగా పట్టుకుని నా ముఖంలోకే చూస్తోంది.

"నేనే తీసినానమ్మా," అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని వెళ్లి ఆడవాళ్ల వరుసలో కూర్చుంది. ఈ రోజుకీ బొట్టు పెట్టుకునే తిరుగుతోంది. ఆ దండ ఎవరు తీశారో నాకు తెలియదు. నేను మాత్రం తీయలేదు.