ఉలవ పొట్టు, రేకు గొట్టం

మా తమ్ముడి కొడుకు కిరణ్ ఈమధ్య ఒక పికప్ బండి కొన్నాడు. టర్బో డీజిల్ ఇంజను. కొని మూడు నెలలు కాకముందే, కంపెనీవాళ్ళు పెట్టి పంపిన ఎయిర్ ఫిల్టర్ పెట్టె తనకు చాలదని, బయట తయారైనది ఒకటి తెప్పించుకున్నాడు. ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక, నంద్యాలలో మా ఇంటి ముందర బానెట్ ఎత్తి తనే బిగించడానికి పూనుకున్నాడు. క్లిప్పులు విప్పి నల్లటి ప్లాస్టిక్ పెట్టెను బయటికి తీసి అరుగు మీద పెట్టాడు. గాలి ఎంత పోతున్నదో ఇంజనుకు చెప్పే చిన్న సెన్సర్‌ను పాత గొట్టంలోంచి ఊడదీసి, దాని కొనకు వేలు తగలకుండా కొత్త గొట్టంలో అమర్చాడు. గొట్టం రెండో కొసను టర్బో మూతికి తొడిగి క్లాంపు బిగించాడు. చివరికి అట్టపెట్టెలోంచి కొత్త ఫిల్టర్ తీసి, కాసేపు పట్టుకోమని నా చేతికిచ్చాడు. శంకువులా ఉంది. ఇనుప వలల మధ్య మడతలు మడతలుగా పల్చటి నూలు గుడ్డ, దానికి ఎర్రటి నూనె పట్టించి ఉంది.

"బండికి ఊపిరి బాగా ఆడాల అత్తా. అప్పుడే లాగుతాది" అని, స్క్రూడ్రైవర్ వెతుక్కుంటూ లోపలికి పోయాడు.

నేను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. నూనె పీల్చుకున్న నూలు గుడ్డ వాసన. ఆ వాసన నాకు తెలుసు. ఎక్కడ తెలుసో గుర్తుకు రావడానికి కొంతసేపు పట్టింది.

డెబ్బైల చివర మేము ఇదే నంద్యాలలో, చర్చి వెనక సందులో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. మా నాయన దానియేలు ఒక ధాన్యం మండీలో డ్రైవరు. అమ్మ సుందరమ్మ అదే మండీలో చాట పట్టుకుని గింజలు చెరిగేది. నాయన తోలే బండి వెనక తొట్టి ఉన్న పాత జీపు. మిలిటరీ వాళ్ళు వద్దని అమ్మేసినదాన్ని మండీ యజమాని కొని, పెట్రోలు ఇంజను తీసేయించి, ఎక్కడినుంచో తెచ్చిన డీజిల్ ఇంజను పెట్టించాడు. టర్బో అనే మాట అప్పట్లో మా ఊళ్ళో ఎవరూ విని ఉండరు. ఇంజను తనంతట తాను ఎంత గాలి పీల్చుకుంటే అంతే. ఆ గాలిని శుభ్రం చేయడానికి బానెట్ కింద ఒక గుండ్రటి ఇనుప డబ్బా ఉండేది. అడుగున నూనె, పైన తీగల గుబురు. లోపలికొచ్చే గాలి నూనెను తాకిపోతే అందులోని దుమ్ము నూనెలో నిలిచిపోవాలని ఏర్పాటు.

ఏడాదిలో తొమ్మిది నెలలు ఆ డబ్బా తన పని తాను చేసేది. మిగిలిన మూడు నెలలే చిక్కు. చలి తగ్గి ఎండ ముదిరే ఆ కాలంలో నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు పోయే తారురోడ్డు రోడ్డులా ఉండేది కాదు, పొడుగాటి కల్లంలా ఉండేది. దారి పొడుగునా ఊళ్ళవాళ్ళు కోసిన పంట తెచ్చి రోడ్డుకు అడ్డంగా మోకాలెత్తు పరిచేవాళ్ళు. ఒక ఊరి ముందర కాయలతోనే కోసి ఎండబెట్టిన ఉలవ కట్టె, ఇంకో ఊరి ముందర కంది, ధనియాలు నలిగేచోట ఊరు రాకముందే వాసన. లారీలూ బస్సులూ వాటి మీద పోతే కాయ పగిలి గింజ కిందికి జారేది, మనుషులకు కొట్టే పని తప్పేది. ఆడవాళ్ళు తుమ్మచెట్ల కింద సద్దిమూటలు పెట్టుకుని కూర్చుని, బండి దాటగానే పంగల కర్రలతో కట్టెను తిరగేసి, మళ్ళీ చెట్టు కిందికి పోయి ఇంకో బండి కోసం చూసేవాళ్ళు. ఎవరైనా డ్రైవరు పక్కకు తప్పించి మట్టి మీదుగా పోయాడా, "ఏమప్పా, మా కట్టె నీ బండికి చేదా?" అని వెనకనుంచి తిట్లు.

మా నాయన ఎన్నడూ తప్పించలేదు. పైగా ముందే వేగం తగ్గించి, నలగని వైపు చూసుకుని తోలేవాడు. అందువల్ల ఆ మూడు నెలల్లో పొట్టంతా మా బండే మింగేది. డబ్బాలో నూనె చిక్కటి అంబలిలా అయ్యేది. ఇంజను నల్లటి పొగ చిమ్మేది, ఎత్తు వస్తే మూలిగేది. నేను చెప్పబోయే సంగతికి ముందటేడు ఆ దుమ్ము లోపలిదాకా పోయి సిలిండర్లు అరిగి ఇంజను మొత్తం విప్పాల్సి వచ్చింది. మండీ యజమాని నాయనను పిలిచి రెండు ముక్కల్లో చెప్పాడు. కట్టె మీద తోలొద్దు. ఈ ఏడు కూడా ఇంజను కూర్చుంటే బండి అమ్మేస్తాను, డ్రైవరుతో పని లేదు.

బండి పోతే నాయనకు మిగిలింది లారీ లైను. మా పెదనాయన అప్పటికే బొంబాయి లైనులో లారీ తోలేవాడు. రెండు నెలలకో మూడు నెలలకో ఒకసారి ఇంటికి వచ్చేవాడు. ఒకసారి ఆయన గుమ్మంలో నిలబడితే, ఆయన చిన్న కూతురు లోపలికి పరిగెత్తి "అమా, ఎవరో వచ్చినాడు" అంది. పెదనాయన నవ్వాడు గానీ ఆ పూట అన్నం సరిగా తినలేదు. అది మా అమ్మ కళ్ళారా చూసింది. ఆ రోజునుంచి లైను అనే మాట మా ఇంట్లో ఎవరు ఎత్తినా అమ్మ అక్కడినుంచి లేచి లోపలికి పోయేది.

కట్టె మీద తోలకుండా పోవడం ఒక్కటే తేలిక మందు. అది నాయనకు చేతకాలేదు. పొద్దుటినుంచి ఎండలో కూర్చున్నోళ్ళు మన బండి చూసి లేచి నిలబడతారు, మనం పక్కకు తిప్పి ఏం ముఖం పెట్టుకుని పోతాం అనేవాడు. వేరే ఉపాయం కోసం వెతికాడు. రోడ్లు వేసే ఒక ట్రాక్టరుకు గాలి గొట్టం తల మీదికి ఎత్తి ఉండటం ఎక్కడో చూసి, నేరుగా మస్తాన్ మామ దగ్గరికి పోయాడు.

మస్తాన్ మామ రేకు పని చేసేవాడు. గరాటలు, కిరసనాయిలు బుడ్లు, బియ్యం డబ్బాలు, పెండ్లి పెట్టెలు ఆయన చేతిలో తయారయ్యేవి. ఆయన కొట్లో ఎప్పుడూ బొగ్గుల కుంపటి మీద అతుకు వేసే ఇనుము కాలుతూ ఉండేది. సీసం కరిగే వాసన, నవాసారం పొగ, ఖాళీ నూనె డబ్బాల కమురు, వాటి మధ్య ఆయన తినే పాను వాసన. నాయనా ఆయనా నాలుగు రోజులు ఆ జీపు చుట్టూ తిరిగారు. నూనె డబ్బాలు కోసి చేతి మందం గొట్టం చుట్టారు. ఇనుప డబ్బా నుంచి బానెట్ పక్కగా బయటికి తీసి, అద్దం అంచు వెంబడి క్యాబిన్ పైకప్పు దాటేదాకా లేపారు. మలుపుల దగ్గర లారీ రేడియేటర్ పైపు ముక్కలు తొడిగి తీగతో బిగించారు. ఇక మూతి మిగిలింది. దాన్ని మైకు బూర అంత వెడల్పు చేసి ముందుకు తిప్పి పెట్టాలని నాయన కోరిక. బండి పోయేకొద్దీ గాలి తనంతట తానే లోపలికి తోసుకొస్తుంది, ఇంజను గుర్రంలా లాగుతుంది అని ఆయన లెక్క. ఆ బూర ఆకారం మస్తాన్ మామకూ నచ్చింది. అంచుకు వంకీలు కూడా తిప్పాడు.

అమ్మ మండీ నుంచి వస్తూ దాన్ని చూసి, కొంగుతో ముఖం మీది పొట్టు దులుపుకుంటూ నిలబడింది. గాలికి ఎదురు నిలబడి ఎవరూ చెరగరని, వీపు గాలికిచ్చి నిలబడాలని, మూతి వెనక్కి తిప్పమని చెప్పింది.

"అక్కా, ఇది నీ చాట కాదు, ఇంజను" అన్నాడు మస్తాన్ మామ.

నాయన కూడా నవ్వాడు. అమ్మ ఇంట్లోకి పోయి పొయ్యి అంటించింది.

ఆ శనివారం బండికి మండీ సరుకు ఎత్తారు. మరునాడు ఆళ్లగడ్డ చర్చిలో కోత పండుగ. మా పిన్నమ్మ ఊరు అదే కాబట్టి అమ్మ, నేను, తమ్ముడు క్యాబిన్‌లో ఎక్కాం. అమ్మ ఒళ్ళో పండక్కని బెల్లంతో వండిన నిప్పట్ల డబ్బా, నా ఒళ్ళో తమ్ముడు. నంద్యాల దాటాక బండి నిజంగానే గుర్రంలా పోయింది. నాయన ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఇంకో చేత్తో బయట గొట్టాన్ని తట్టుతూ, అమ్మ వైపు రెండుసార్లు చూశాడు. అమ్మ రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.

శిరివెళ్ల దాటి కొంత దూరం పోయాక ఉలవ కట్టె వచ్చింది. మా ముందర ఒక లారీ పోతున్నది. అది కట్టె మీదికి ఎక్కగానే పొట్టు గోడలా పైకి లేచింది. లారీ కనబడలేదు, రోడ్డు కనబడలేదు. మా బూర నోరు తెరుచుకుని నేరుగా అందులోకి పోయింది. ఇంజను రెండుసార్లు దగ్గి, నల్లగా పొగ వదిలి, సరిగ్గా ఉలవ కట్టె నడుమ ఆగిపోయింది.

చెట్టు కిందినుంచి ఆడవాళ్ళు లేచి వచ్చారు. అందరికంటే ముందు వచ్చిన ముసలామె బండి చుట్టూ ఒకసారి తిరిగి, "నిలబడ్తే నిలబడె గానీ, ఒక్క రవ్వ ముందుకు జరిపి నిలబెట్టప్పా. ఆడ ఇంకా నలగలేదు" అంది.

నాయన నవ్వలేదు. బానెట్ ఎత్తి డబ్బా విప్పాడు. గొట్టం నిండా పొట్టు కూరినట్టు ఉంది. నూనె ఎప్పుడో ఇంకిపోయింది. ఇంజను మూతి దగ్గర వేలు పెట్టి చూసుకుని, వేలికి అంటిన బూడిద రంగు దుమ్మును చాలాసేపు చూశాడు. తర్వాత పోయి గట్టు మీద కూర్చున్నాడు. నాయన అట్లా కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు.

"అయిపోయింది సుందరమ్మా. అన్న మాదిరి లైనుకు పోవాల్సిందే" అన్నాడు.

"లైనూ వద్దు గీనూ వద్దు. ముందు లేచి ఆ మూతి ఎనక్కి తిప్పు" అంది అమ్మ.

గొంతు పెంచలేదు. నాయన లేచాడు. తీగ వదులు చేసి బూరను వెనక్కి తిప్పాడు. అమ్మ నిప్పట్ల డబ్బా నా చేతికిచ్చి, తన పాత వాయిలు చీర కొంగు చివర పళ్ళతో పట్టి జానెడు వెడల్పున చింపింది. మండీలో చెరిగేటప్పుడు ఆడవాళ్ళంతా ముక్కుకూ నోటికీ తడిగుడ్డ కట్టుకుంటారు. ఆ గుడ్డే దీనికీ కట్టమంది. నీళ్ళు పట్టుకురావడానికి ముసలామె కడవ ఎత్తింది.

"నీళ్ళొద్దు, ఇంజన్లోకి పోతాయి. నూనె అయితే పట్టి నిలబడ్తాది" అన్నాడు నాయన.

గట్టు పక్కన విప్పిన ఎద్దుల బండికి ఇరుసుకు పూసే ఆముదం బుడ్డి వేలాడుతూ ఉంది. ఒకామె దాన్ని తెచ్చింది. అమ్మ ఆముదం గుడ్డకు రాసి, రెండు చేతుల మధ్య పిండి, బూర మూతికి బిగుతుగా చుట్టి గోనె పురికొసతో కట్టింది. ఆలోపల నాయన తీగల గుబురును డీజిల్‌లో కడిగి, డబ్బాలో కొత్త నూనె పోసి, గొట్టాన్ని దులిపి బిగించాడు. ఇంజను చాలాసేపు మొరాయించింది. బ్యాటరీ నీరసపడే దశలో అందుకుంది. మొదట నల్లటి పొగ, తర్వాత పల్చన, తర్వాత ఏమీ లేదు. నాయన బండిని ముసలామె చూపించిన చోటికి తోలి, వెనక్కి వచ్చి, మళ్ళీ తోలి, నలగని చోటంతా నలిపి అప్పుడు ముందుకు పోయాడు. ఆమె పరిగెత్తుకొచ్చి అమ్మ ఒళ్ళో దోసెడు ఉలవలు పోసింది.

ఆళ్లగడ్డ చేరి, సరుకు దించే ముందు నాయన డబ్బా విప్పి చూశాడు. దారిలో ఇంకా మూడు ఊళ్ళ కట్టె తొక్కి వచ్చాం. నూనె అడుగు కనబడుతున్నది. గుడ్డ మీద మాత్రం వేలి మందం పొట్టు మేట. నాయన డబ్బా మూసి చేతులు తుడుచుకున్నాడు. ముందున్నంత లాగుడు లేదు అని మాత్రం ఒకసారి అన్నాడు. అది నిజమే. అమ్మ దానికి ఒప్పుకుంది.

మరునాడు చర్చిలో వేదిక ముందర జొన్న కంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ధనియాల మూటలు, కొత్త బెల్లం. పిల్లలమంతా కోళ్ళ దగ్గర, పెద్దలంతా పాటల్లో. అమ్మ వాటి పక్కన ఆ దోసెడు ఉలవలూ పెట్టి వచ్చింది. మధ్యాహ్నం అరిటాకుల్లో అన్నం, వేట మాంసం, నంజుకోవడానికి ఊరిబిండి. నాయన మూడుసార్లు వడ్డించుకున్నాడు.

ఆ ఏడు ఇంజను కూర్చోలేదు, ఆ మరుసటేడూ కూర్చోలేదు. పంటల కాలమంతా వారానికోసారి అమ్మ ఆ గుడ్డను కుంకుడు రసంలో ఉతికి, ఆరేసి, ఆముదం రాసి ఇచ్చేది. మా దండెం మీద బట్టల పక్కన అది ఆరుతూ ఉండేది. చూసిన డ్రైవర్లు మస్తాన్ మామ దగ్గరికి వచ్చి తమ బండ్లకూ చేయమని అడిగితే, గొట్టం వరకు తాను చేస్తానని, మూతి సంగతి సుందరమ్మక్కను అడిగి రమ్మని పంపేవాడు. వాళ్ళు తలగుడ్డ తీసి మా గుమ్మంలో నిలబడితే నాయన లోపలినుంచి "పోయి చెప్పుపో, నిన్నే అడుగుతాండారు" అనేవాడు. ఆమె మాట నిజమైందని నాయన నోటితో ఒప్పుకోవడం నేను విన్నది అంతవరకే.

ఆ బండి ఎనభైల్లోనూ చాలాకాలం తిరిగింది. అది పోయాక అదే మండీలో ఇంకో బండి, దాని తర్వాత ఇంకొకటి. నాయన లైనుకు పోలేదు.

కిరణ్ పని ముగించి బండి స్టార్ట్ చేశాడు. టర్బో సన్నగా ఈల వేసింది. అట్లా ఒక రౌండు పోయొద్దాం రమ్మంటే ఎక్కాను. ఆళ్లగడ్డ దారి ఇప్పుడు వెడల్పుగా, నున్నగా ఉంది. ఉలవలైనా కందులైనా చేలోనే మిషను పట్టిస్తున్నారు. రోడ్డు మీద ఎవరూ ఏమీ పరచడం లేదు, పరిస్తే ఊరుకోరు కూడా. బండ్ల వేగానికి అది మంచిదే. మస్తాన్ మామ కొట్టు ఉన్న చోట సెల్ ఫోన్లు బాగుచేస్తున్నారు. తుమ్మచెట్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయాయి.

వాటి గురించి కిరణ్‌కు చెప్పగలిగాను. చెప్పలేకపోయింది ఒకటి ఉంది. మా నాయన సాయంత్రం దుమ్ముతో ఇంటికి వచ్చేసరికి అమ్మ ఒక బిందె నీళ్ళు కాచి ఉంచేది. బండి చప్పుడు సందు మలుపులో వినబడకముందే పొయ్యి మీద బిందె ఉండేది. నాయన పోయాక కూడా, ఎనిమిదేళ్ళు, పొద్దు వాలేసరికి ఆమె లేచి పోయి గ్యాసు మీద నీళ్ళు పెట్టేది. ఎవరికమ్మా అని మేము అడగలేదు. కాగిన నీళ్ళతో తమ్ముడో నేనో కాళ్ళు కడుక్కునేవాళ్ళం.

అమ్మ పోయి ఏడాది కావస్తున్నది. ఆ వేళకు మా ఇంట్లో పొయ్యి మీద ఇప్పుడు ఏమీ ఉండదు.