బంగ్లాలో పడమటి గోడ

దుమ్ముగూడెంలో గోదారి ఒడ్డునున్న ఆ పాత ఇంగ్లీషు బంగ్లాలో నాగక్క నడిచే తీరు కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. ఎదురుగా దారి ఉన్నా చుట్టు తిరిగి వెళుతుంది. ఒకప్పుడు అక్కడ గోడ ఉండేది మరి. నలభై ఏళ్లుగా ఊడుస్తూ, సున్నాలు వేస్తున్న మనిషి. కూలినదీ నిలిచినదీ ఆమె కాళ్లకు ఒకటే.

మధ్యాహ్నం నది గాలికి ఆమె రెప్పలు వాలుతుంటే, మనసులో గదులు ఒకదాంట్లోంచి ఒకటి తెరుచుకుంటాయి. మొదటి దొర కట్టించిన పెద్ద హాలు. తర్వాతి దొరసాని ఉక్కపోతకు తాళలేక పెట్టించిన కిటికీలు. మద్రాసు కాలపు ఆఫీసరు ఆడవాళ్ల పరదా కోసం హాలును రెండు చేశాడు. ఆపైన సర్కారువాళ్లు ఫైళ్లకని ఆ రెంటినీ నాలుగు చేశారు. ఎవరికి తోచింది వాళ్లు చేశారు, పాపం బంగ్లా కిమ్మనలేదు.

ఎనభై ఆరు వరదలో పడమటి వసారా కొట్టుకుపోతే, అక్కడ గోడ లేపింది నాగక్క భర్తే. ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఆ గోడకు వీపు ఆనించి కూర్చుంటే పక్కనే ఉన్నట్టుంటుంది ఆమెకు.

ఇప్పుడు బంగ్లాను మొదట ఎట్లా ఉండేదో అట్లా చేస్తారట. తర్వాత చేర్చినవన్నీ పడగొడతారట. ఇంజనీరు సాహిత్య గోడలు తట్టి చూస్తూ, కూల్చేవాటి మీద ఎర్రసుద్దతో గీత పెడుతూ వచ్చింది. నాగక్క వెనకాలే నడిచింది.

పడమటి గోడను సాహిత్య అరచేత్తో నిమిరింది. "ఇది ఉంచాలి నాగక్కా. దొరల నాటి పని. ఇంత నున్నటి గచ్చు పూత మనవాళ్లకు ఎక్కడ వస్తుంది?"

నాగక్కకు ప్రాణం లేచివచ్చింది. నోరు మూసుకుంటే చాలు, గోడ నిలుస్తుంది. కానీ ఆ మాట మింగుడుపడలేదు. దొరల పనట! సున్నానికి చేతులు ఒరుసుకుపోయి, అన్నం కలుపుకోలేక తన చేత తినిపించుకున్న మనిషి పని!

"దొరలు కాదు మేడం. మా ఇంటాయన కట్టిండు. సున్నం నేనే అందించిన."

సాహిత్య చెయ్యి ఆగిపోయింది. "అలాగైతే ఇదీ పోతుంది నాగక్కా." గొంతు తగ్గించింది. "నేను విననట్టే ఉంటాను."

"వద్దు బిడ్డా. రాస్కో."

"ఆయన పేరు?"

పెళ్లయిన నాటి నుంచీ ఆ పేరు నాగక్క నోట రాలేదు. రేషన్ కార్డు దగ్గరా, దవాఖానాలోనూ పక్కవాళ్లతోనే చెప్పించేది. సిగ్గుతో ఈ వయసులోనూ ముఖం ఎర్రబడింది.

"పగిడయ్య," అంది. ఇంకోసారి, గట్టిగా, "పగిడయ్య."

సాహిత్య పేరు రాసుకుంది. తర్వాత గోడ మీద గీత పెట్టింది.