కొసరుకొచ్చిన గ్లోవ్స్

ఆరువేలు చెప్పిన వేడి జాకెట్టును మూడువేల ఎనిమిది వందలకు దించి, పైగా ఒక జత గ్లోవ్స్ కొసరు లాక్కుని లడఖ్‌లో దిగినవాణ్ని నేను. మా యూనిట్‌లో ఇంతటి బేరం ఎవరూ చేయలేదు. ఇంత చెడ్డ బేరమూ ఎవరూ చేయలేదు.

దిగింది నవంబర్ రెండో వారం. ఎత్తు పదమూడు వేల అడుగులు. మిట్టమధ్యాహ్నం మైనస్ ఆరు. చెట్టు లేదు. బూడిదరంగు రాయి, దాని మీద గాలి. బేస్ నుంచి సరిహద్దు పోస్టుకు మోటార్‌సైకిల్ మీద కాగితాలు, చిన్న సామాన్లు చేర్చడం నా పని. దూరం ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. ఒంటరిగా పోకూడదు. రెండు బళ్లు, ఇద్దరు రైడర్లు.

నా జోడీ రైడర్‌ది శావల్యాపురం. నాకంటే ఆరేళ్లు చిన్న. నాది నరసరావుపేట అని తెలిసిన గంటకే అన్నా అని పిలవడం మొదలుపెట్టాడు.

వేడి జాకెట్టు అంటే, లోపల సన్నటి తీగలుంటాయి. బండి బ్యాటరీకి ప్లగ్గు పెడితే అవి వేడెక్కుతాయి. గ్లోవ్స్ కూడా అంతే. పోస్టింగ్‌కు వస్తూ చండీగఢ్ బజారులో కొన్నాను. మాది బట్టల కొట్టు. బేరం తెగాక కొసరు అడక్కుండా మెట్లు దిగితే మా నాన్న గడప తొక్కనిచ్చేవాడు కాదు. అందుకని అడిగాను. కొట్టువాడు బల్ల కింద నుంచి గ్లోవ్స్ తీశాడు. ఎవరో వాపసు ఇచ్చినవి. ఎడమదానికి మణికట్టు దగ్గర, తీగ మీద నల్ల టేపు చుట్టి ఉంది. చూశాను. ఊరికే వచ్చేదానికి వంక పెట్టడం దేనికని సంచిలో వేసుకున్నాను.

వాటిని నేను వాడలేదు. టేపు చూసినవాణ్ని కదా. సర్కారు ఇచ్చిన లావుపాటి తోలు గ్లోవ్స్‌తోనే నడిపాను. వేడి గ్లోవ్స్ నా జోడీ రైడర్‌కిచ్చాను. టేపు సంగతి చెప్పలేదు.

"ఎంతయిందన్నా?"

"నీకెందుకురా, ఏసుకో."

"నువ్వు ఊరికే ఇస్తన్నావంటే బయమేస్తంది. టీ కూడా సగం పోయించుకునే మడిసివి."

మా హవల్దార్ వాటిని చూసి ఒకటే మాటన్నాడు. "ఈ కరెంటు సామాను మీ సరదా. సర్కారు గ్లోవ్స్ మాత్రం సంచిలో ఉండాలి."

జనవరిలో ఒక ఉదయం పోస్టుకు మందుల డబ్బా పంపారు. వాడి సంచిలో అది పట్టలేదు. చోటు కోసం సర్కారు గ్లోవ్స్ తీసి మంచం మీద పెట్టి నా వైపు చూశాడు.

"వేడియి ఉన్నయ్‌గా," అన్నాను.

ఏడు నలభైకి బయల్దేరాం. మైనస్ ఇరవై మూడు. ఇరవై ఒకటో కిలోమీటరు దగ్గర వాడు హారన్ కొట్టి ఆగాడు.

"అన్నా, ఎడమది సల్లబడింది."

గ్లోవ్ మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. ప్లగ్గు నొక్కి చూశాను.

"ఎలుగుతానే ఉంది గదరా. అంతా నీ అనుమానం."

"ఏమో అన్నా. ఏళ్లు ఏడున్నయ్యో తెలియట్లా."

"ఇంకో ముప్పావు గంట. పద."

నా తోలు గ్లోవ్ ఒకటి వాడికిచ్చి కాసేపు, తీసుకుని కాసేపు నడిపితే సరిపోయేది. ఆ ఆలోచన వచ్చింది. దాని వెనకే నా వేళ్లు గుర్తొచ్చాయి. బండెక్కాను.

పోస్టులో నర్సింగ్ అసిస్టెంట్ ఆ గ్లోవ్‌ను కత్తిరించి తీశాడు. టేపు కింద తీగ తెగి ఉంది. వేళ్లు మైనం రంగులో ఉన్నాయి. గోరువెచ్చటి నీళ్లలో పెట్టించాడు.

"నొప్పేం లేదన్నా," అని వాడే నాకు ధైర్యం చెప్పాడు. నర్సింగ్ అసిస్టెంట్ తల తిప్పుకున్నాడు.

రేడియో ఆపరేటర్ బేస్‌ను హెలికాప్టర్ అడిగాడు.

"వాతావరణం బాగోలేదు. రేపు."

"రేపటికి వేళ్లుండవు."

"తెలుసు. రేపు."

ఎడమచేతికి నాలుగు వేళ్లు తీసేశారు. బొటనవేలు మిగిలింది. వాణ్ని ఇంటికి పంపారు. రెండేళ్ల తర్వాత నా సర్వీసూ అయిపోయింది.

ఊరొచ్చిన వారానికి శావల్యాపురం వెళ్లాను. వాళ్లమ్మ మంచం వాల్చింది. వాడు పక్కింటివాళ్లను కూడా కేకేసి నన్ను చూపించాడు.

"ఈ అన్న గ్లోవ్స్ ఇయ్యబట్టే కుడిచెయ్యన్నా మిగిలింది."

వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు సల్లంగుండాలయ్యా."

పెట్టిన అన్నం తిన్నాను.

వచ్చేసేటప్పుడు వాడు నా బండిని ఎండలోంచి తీద్దామని వెళ్లి, పాత అలవాటుకొద్దీ ఎక్కి కూర్చున్నాడు. ఎడమ అరచెయ్యి క్లచ్ మీదికి పోయింది. బొటనవేలు కింద నుంచి హ్యాండిల్‌ను బిగించింది. పైనుంచి పట్టడానికి ఏమీ లేదు. లివర్ కదల్లేదు. మరోసారి నొక్కాడు. తర్వాత నవ్వుతూ దిగాడు.

"నువ్వే నడుపుకో అన్నా."

కదలని ఆ లివర్, దాని మీద ఆ అరచెయ్యి. ఏ బండి ఎక్కినా నాకు ముందు అదే కనిపిస్తుంది.

ఇక బిల్లు. జాకెట్టు మూడువేల ఎనిమిది వందలు, నేను కట్టాను. గ్లోవ్స్‌కు నేనిచ్చింది లేదు. అవి వాడికి నాలుగు వేళ్లు పడ్డాయి. టేపు చూశానని, నా గ్లోవ్ ఇవ్వగలిగీ ఇవ్వలేదని వాడితో చెప్పాలి. మీకు చెప్పాను గానీ వాడికింకా చెప్పలేదు. నా పది వేళ్లూ ఉన్నాయి.