చర్చి కమాన్ మీద గాజు పట్టీలు

జిల్లాలు విడిపోయిన కొత్తలో నేను గద్వాలలో డిప్యూటీ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. మండలాల్లో జరిగిన పనులను తనిఖీ చేసి, పై అధికారి అయిన ఈఈ గారికి నివేదిక పంపడం నా బాధ్యత. ఒక జూన్ మొదటి వారంలో తహసీల్దారు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ధరూర్ అవతల, కృష్ణా నది దిక్కున ఉన్న ఒక ఊళ్లో పాత మెథడిస్టు చర్చి ముందు గోడ పగిలిందనీ, భవనాన్ని ఉంచాలో కూల్చాలో తేల్చి చెప్పమనీ అందులో ఉంది.

చిన్న కట్టడమే. రెండడుగుల మందం రాతి గోడలు, గానుగ సున్నం, కత్తెరలా బిగించిన టేకు దూలాల కైంచీల మీద పెంకుల కప్పు. కిటికీలన్నీ మొనదేలిన కమాన్లు. ద్వారం మీది పెద్ద కమాన్ నడినెత్తి నుంచి పైకి, వేలు పట్టేంత పగులు ఉంది. కమాన్‌లో రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుని నిలుస్తాయి. కింద ఒక పక్క కుంగితే ముందు విడిపోయేది అక్కడే.

చర్చి కమిటీ పెద్ద దేవదానం నా వెంటే తిరిగాడు. "నా మనవరాలు ద్వారం కాడ్నే కూసుంటది సార్. రేపు ఏమన్నయితే ఎవలు జవాబు? కూలగొట్టి స్లాబ్ ఏస్కుంటం, రాసియ్యిండ్రి" అన్నాడు. అతని భయంలో తప్పు లేదు. కాగితం తీశాను కూడా.

చర్చి శుభ్రం చేసే రత్నమ్మ ఊడుస్తున్నదల్లా చీపురు పక్కన పెట్టింది. డెబ్బై దాటిన మనిషి.

"గీ గోడకు మా తాత సున్నం గానుగ తోలిండంట సార్. ఎన్నడూ పగలలే. రోడ్డు పడ్డంకనే వాన నీళ్లు గోడ కాడ నిలుస్తున్నయ్. గది చూడుండ్రి జర."

బయటికి వెళ్లి చూశాను. సీసీ రోడ్డు చర్చి గడప కంటే జానెడు ఎత్తున ఉంది. ఆ రోడ్డు రెండేళ్ల కింద నా తనిఖీలోనే పడింది. మందం, వెడల్పు కొలిపించి, కొలతల పుస్తకంలో సంతకం పెట్టింది నేనే. పక్కనున్న గడపల ఎత్తు చూడలేదు. చర్చి శిథిలమైందని రాస్తే కథ అక్కడితో ముగిసేది. రోడ్డు సంగతి ఎవరూ అడగరు. ఆ ఆలోచన నాకు రాలేదని చెప్పను.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అదే రోజు కమాన్ కింద దుంగలతో ఊతం పెట్టించి, ఆరాధన బయట షామియానా కిందికి మార్పించాను. పగులుకు అడ్డంగా మూడు చోట్ల సన్నటి గాజు పట్టీలు అతికించి తేదీ రాశాను. గోడ ఇంకా కదులుతుంటే గాజు విరుగుతుంది. రెండు పెద్ద వానల తర్వాత రెండు పట్టీలు విరిగి ఉన్నాయి. రోడ్డు వైపు మూల తవ్విస్తే పునాది కింద నల్లరేగడి ముద్దగా చేతికి వచ్చింది. మిగతా మూడు మూలల్లో నేల గట్టిగానే ఉంది.

కారణం రోడ్డు ఎత్తేనని, ఆ పనిని తనిఖీ చేసింది నేనేనని నివేదికలో రాశాను. ఆ వాక్యం అవసరమా అని ఈఈ గారు అడిగారు. కారణం చెప్పకుండా మరమ్మతు చెప్పలేనన్నాను. నెల తిరగకముందే సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. ఒప్పుకున్నాను. సర్వీసు రిజిస్టరులో హెచ్చరిక ఎక్కింది.

రోడ్డు అంచున కాలువ తవ్వి నీళ్లు మళ్లించారు. కుంగిన మూల పునాది బలపరిచి, కమాన్ రాళ్లకు నంబర్లు వేసి దించి, అదే వరుసలో సున్నంతో మళ్లీ కట్టారు. మరుసటి వానాకాలం కొత్తగా అతికించిన పట్టీ ఒక్కటీ విరగలేదు. దేవదానం మాత్రం చాలా రోజులు మనవరాలిని ద్వారానికి దూరంగా, ముందు వరసలోనే కూర్చోబెట్టాడు.

ఆ తర్వాత నా సర్వీసు మూడేళ్లు మిగిలింది. ఏ రోడ్డు తనిఖీకి వెళ్లినా ముందు టేపు పట్టించింది రోడ్డుకు కాదు, దాని పక్కనున్న గడపలకు.