మోన్సిగ్నోర్‌కు మా తాత వేసిన దండ

మోన్సిగ్నోర్ అనే మాటకు అర్థం చెప్పడం నేను చేసిన తప్పు. ఎమ్మిగనూరులో ఫ్లెక్సీలు కొట్టే షాపులో పని నాది. పుట్టినరోజు శుభాకాంక్షలకూ కన్నీటి నివాళికీ మా దగ్గర ఒకే గులాబీల బోర్డరు. నందవరం దగ్గర మా ఊరి ఏసు గుడికి స్వాగతం ఫ్లెక్సీ వేయాల్సి వచ్చి, అక్షరాలు సరిచూసుకోవడానికి ఫోన్లో వెతికితే అర్థం కూడా దొరికింది.

మా ఊళ్లో పుట్టి ఫాదరైన ఒకాయనకు రోమ్ నుంచి మోన్సిగ్నోర్ అనే బిరుదు వచ్చింది; ఆదివారం ఊరికి వస్తున్నాడు. చిన్నప్పుడు ఆయనకు జపాలు నేర్పింది మా తాతే. తాత పగలు పత్తి చేలల్లో కూలి, సాయంత్రం గుడిలో ఉపదేశి. నలభై ఏళ్లలో ఆయన్ను వేదిక ఎక్కించినవాళ్లు లేరు. ఇప్పుడు వచ్చే ఆయనకు మొదటి దండ వేసి, బిరుదుతో స్వాగతం పలకమన్నారు గుడి పెద్దలు. వారం రోజులు బర్రె ముందు నిలబడి ఆ మాట సాధన చేశాడు. బర్రె అభ్యంతరం చెప్పలేదు.

“నోరు తిరిగింది గానీ, అదేందిరా అట్లంటే?”

“‘నా ప్రభువు’ అని తాతా. పోపులు కొన్నాళ్లు ఫ్రాన్సులో ఉన్నారంట. ఆడ దొరలను పిలిసే మాట వీళ్లకూ అంటుకునింది. దాంతో అధికారమేం రాదు, ఉత్త మర్యాదే.”

తాత తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “నాకు ప్రభువు ఒక్కడే. జపం తప్పితే ఆ పిల్లోని చెవి మెలేసినోన్ని నేను. వాన్ని ప్రభువంటానా? నేను రాను పో.”

“దండ ఇంకొకరికి ఇస్తారు తాతా.”

“ఇయ్యనీ.”

అన్నాడు గానీ, ఇస్త్రీ చేయించిన పంచెను మళ్లీ పెట్టెలో పెట్టలేదు.

ఆదివారం ఆ పంచెతోనే వచ్చాడు. కారు దిగినాయన ఎదుట దండ పట్టుకుని నిలబడ్డాడు. పక్కన మైకు పట్టుకున్నది నేనే. తప్పెట్లు ఆగాయి.

“ఏమప్పా, నీ బిరుదుకు ‘నా ప్రభువు’ అని అర్థమంట. నిజమేనా?”

మైకు పుణ్యాన ఊరంతా విన్నది. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆకాశం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

“నిజమే సార్,” అన్నాడాయన. “నాకూ మొగమాటంగానే ఉంది. మీరు పేరు పెట్టే పిలవండి.”

“పదిమందిలో పేరు పెట్టి పిలిస్తే బాగుండదప్పా.” తాత దండ పైకెత్తాడు. “రా ఫాదరూ,” అని దండ మెడలో వేశాడు.

చప్పట్లు మోగాయి. ప్రభువును కాపాడుకున్న నిశ్చింత తాత మొహంలో కనిపించింది.

ఫాదరంటే తండ్రి అనీ, డెబ్బై దాటిన మనిషి తన శిష్యుణ్ణి ఇప్పుడు తండ్రీ అని పిలిచాడనీ చెప్పాలని నాకు నోరు దురద పెట్టింది. మైకు ఆఫ్ చేశాను.